బ్యాగులో డీఎస్ఎల్ఆర్ ఉండగా జేబులోకి ఏ కెమెరా?

క్లుప్తంగా: డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) ఉన్నవాళ్లు తోడుగా కాంపాక్ట్, అంటే లెన్స్ ఊడిరాని చిన్న కెమెరా, కొనేటప్పుడు ఎక్కువగా పొరబడేది ఒక్క చోటే. పెద్దది చేసే పనులన్నీ చిన్నది కూడా చేయాలని చూస్తారు. అలా చూస్తే ఏదీ నచ్చదు, లేదంటే అన్నీ ఉన్నట్టు కనబడే జూమ్ డబ్బా ఒకటి ఇంటికొచ్చి నెల తిరిగేసరికి అల్మరాలో చేరుతుంది. పెద్ద కెమెరా ఏ పూట ఇంట్లోనే ఉండిపోతోంది, ఆ పూట ఫోను ఎక్కడ చేతులెత్తేస్తోంది అన్నది ముందు చూసుకుంటే, ఆ రెంటి మధ్య మిగిలిన ఖాళీయే ఏ కెమెరా కొనాలో చెబుతుంది. విశాఖలో ఉండేవాళ్లకు దీని మీద ఇంకో షరతు ఉంది: పక్కనే సముద్రం.

కిలోల లెక్క

నైకాన్ డీ850 బాడీ బ్యాటరీతో కలిపి 1005 గ్రాములు. దానికి 24-70 ఎఫ్/2.8 వీఆర్ లెన్స్ తగిలిస్తే ఇంకో 1070. (లెన్స్ పేరులో మొదటి అంకెలు మిల్లీమీటర్లలో, అవి పెరిగేకొద్దీ దూరం దగ్గరికొస్తుంది; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు పెరుగుతుంది.) 70-200 ఎఫ్/2.8 కూడా పెట్టుకుంటే మరో 1430. అక్కడికే మూడున్నర కిలోలు, ఫ్లాషు, చార్జరు, అదనపు బ్యాటరీ, మెత్తటి అరలున్న బ్యాగు అన్నీ కలిస్తే ఐదు దాటడం పెద్ద విషయం కాదు. దేశంలో తిరిగే చాలా విమానాల్లో చేతి బ్యాగుకు ఇచ్చేది 7 కిలోలే కాబట్టి, ప్రయాణానికి కెమెరా తీసుకెళ్తే బట్టలు తగ్గించుకోవాల్సిందే.

కెనాన్ 1500డీ లాంటి చిన్న డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లు తమకీ గొడవ లేదంటారు, బాడీ 475 గ్రాములేగా అని. బరువు వరకూ నిజమే. కానీ ఇబ్బంది బరువుతో కన్నా ఆకారంతో. డీఎస్ఎల్ఆర్ లోపల సెన్సర్ (ఫిల్ము బదులు బొమ్మను పట్టే పలక) ముందు ఒక అద్దం ఉంటుంది, ఫొటో తీసిన ప్రతిసారీ అది పైకి లేచి దిగాలి, దానికి చోటు కావాలి. అందుకే కెనాన్‌లో లెన్స్ బిగించే రింగు సెన్సర్‌కు 44 మిల్లీమీటర్ల ముందుంటుంది, నైకాన్‌లో 46.5. బాడీని ఎంత తేలిక చేసినా ఆ లోతు తగ్గదు, పైన అద్దం నుంచి కంటికి బొమ్మ తెచ్చే గూడు కూడా తప్పదు. కాంపాక్ట్ కెమెరాలో అద్దమే లేదు. లెన్స్ వెనక గాజు దాదాపు సెన్సర్‌ను ఆనుకుని ఉండొచ్చు, ఆపేసినప్పుడు లెన్స్ మొత్తం లోపలికి ముడుచుకోవచ్చు. సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7 బరువు 302 గ్రాములు, రికో జీఆర్ 3 బ్యాటరీ, కార్డుతో సహా 257, అంటే పావు కిలో టీ పొడి ప్యాకెట్టంత.

ఈ తేడా విశాఖలో ఎక్కడ తెలుస్తుందంటే, ఆర్.కె. బీచ్‌లోని కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియంలో. 91 మీటర్ల పొడవున్న ఆ జలాంతర్గామి లోపల ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే, గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి, వెనక జనం ఆగరు. మెడలో వేలాడే పెద్ద లెన్స్ ప్రతి పైపుకీ తగులుతుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ ఇంకో ఉదాహరణ. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, రాత్రంతా జనంలో నడక. మొదటి గంటలో ఉత్సాహంగా తీసిన పెద్ద కెమెరా తర్వాత బ్యాగులోంచి బయటికే రాదు, మోసిన బరువు మాత్రం తెల్లారేదాకా భుజం మీదే ఉంటుంది.

చేపల రేవు సంగతి వేరు. తెల్లవారుజామున బోట్లు వచ్చి వంజరం, చందువా గంపల్లోకి దిగుతూ, తడి సిమెంటు మీద వేలం పాట మొదలైనప్పుడు 70-200 పట్టుకుని నిలబడితే, గంపల దగ్గరున్న ఆమె చేతిలో పని ఆపి "ఏ పేపరు బాబూ?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నతో ఆ ఫొటో అయిపోయినట్టే, పక్కవాళ్లు కూడా కొంగు సర్దుకుని కెమెరా వైపు తిరుగుతారు. జేబులోంచి తీసిన నల్ల డబ్బాను ఎవరూ పట్టించుకోరు. అయితే తీయబోయే ముందు అడగడమన్నది కెమెరా సైజును బట్టి మారే మర్యాద కాదు. ఇంకోటి, ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. డాక్‌యార్డు వైపు, నేవీ గోడల వైపు లెన్స్ తిప్పితే అది పెద్దదా చిన్నదా అని సెక్యూరిటీ చూడదు.

ఇప్పుడే ఎందుకీ గందరగోళం

పదిహేనేళ్ల కిందట ఈ ప్రశ్నకు జవాబు వెతకాల్సిన పనే లేదు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా లెక్కల్లో 2010లో డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైగా బయటికెళ్లాయి, అందులో అత్యధికం చిన్నవే. 2023 నాటికి అన్ని రకాలూ కలిపి 80 లక్షలు కూడా లేవు. మధ్యలో ఏం జరిగిందో అందరికీ తెలుసు: ఫోను. ఎనిమిది వేలకు, పది వేలకు దొరికే కాంపాక్ట్‌ల అవసరాన్ని ఫోను మింగేసింది, కంపెనీలు వాటిని ఆపేశాయి. మిగిలినవి ఫోను చేయలేని పని ఏదో ఒకటి చేసేవి, కాబట్టి ఖరీదైనవి. చిన్నదైతే చవకగా ఉండాలన్న పాత లెక్కతో షాపుకెళ్లినవాళ్లు ధర విని వెనక్కి రావడానికి కారణం ఇదే. పెద్ద సెన్సర్‌కు సరిపడే లెన్స్‌ను జేబులో పట్టేలా ముడుచుకునేట్టు చేయడం కష్టమైన పని, పైగా అమ్ముడయ్యేవి తక్కువ.

అదే సమయంలో డీఎస్ఎల్ఆర్‌ల కథ కూడా ఆగింది. కెనాన్, నైకాన్ రెండూ చివరి కొత్త డీఎస్ఎల్ఆర్ మోడళ్లను 2020లోనే తెచ్చాయి, ఆ తర్వాత అంతా మిర్రర్‌లెస్, అంటే లెన్సులు మారేవే గానీ లోపల అద్దం లేనివి. దాంతో పాత కిట్ ఉన్నవాళ్లకు టెన్షన్. ఉన్నది అమ్మేసి మొత్తం మారాలా, లేక ఉన్నది ఉంచుకుని చిన్నది కొనాలా? దీనికి తోడు కొన్నేళ్లుగా సోషల్ మీడియా వల్ల కాంపాక్ట్‌లకు మళ్లీ గిరాకీ వచ్చింది. 2024లో వచ్చిన ఫుజి ఎక్స్100 సిక్స్ కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లున్నారు. ఫ్యాషన్ వల్ల పెరిగిన ధరకూ కెమెరా సత్తాకూ సంబంధం లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం.

అంగుళం కాని అంగుళం

కాంపాక్ట్ అట్టపెట్టె మీద మొదట చూడాల్సింది మెగాపిక్సెళ్లు కాదు, సెన్సర్ సైజు. అదేమో సూటిగా రాయరు. 'ఒక అంగుళం సెన్సర్' అని ఉంటుంది, స్కేలు పెట్టి కొలిస్తే 13.2 × 8.8 మిల్లీమీటర్లే, మూల నుంచి మూలకు 16 కూడా రాదు. ఒకప్పటి వీడియో కెమెరాల్లో బొమ్మను పట్టే గాజు గొట్టాలుండేవి, వాటి బయటి వ్యాసాన్ని బట్టి సైజు పిలిచేవారు, బొమ్మ పడే భాగం అందులో మూడింట రెండు వంతులే. గొట్టాలు పోయాయి, ఆ పిలుపు మాత్రం మిగిలింది, అమ్మేవాళ్లకు అది బాగానే ఉంది మరి.

చదరపు మిల్లీమీటర్లలో చెప్పుకుంటే బొమ్మ స్పష్టమవుతుంది. ఫుల్‌ఫ్రేమ్, అంటే పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్, 864. నైకాన్ డీఎక్స్ లాంటి ఏపీఎస్-సీ, అంటే చిన్న డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే సెన్సర్, సుమారు 367. ఒక అంగుళానిది 116. చవక జూమ్ కాంపాక్ట్‌ల్లో ఉండే 1/2.3 అంగుళాలది 28. ఒకే ఎఫ్ నంబర్, ఒకే షట్టర్ స్పీడ్ దగ్గర సెన్సర్ మొత్తమ్మీద పడే వెలుతురు ఈ వైశాల్యాన్ని బట్టే ఉంటుంది, చీకట్లో ఫొటోలో కనబడే గరుకుదనం ఆ వెలుతురును బట్టే ఉంటుంది. ఏపీఎస్-సీ నుంచి ఒక అంగుళానికి దిగితే మూడో వంతుకు పడిపోయినట్టు, అంటే ఒకటిన్నర స్టాపులకు కాస్త పైన (వెలుతురు సగమైతే ఒక స్టాపు). ఇది భరించగలిగే నష్టమే. 1/2.3 దాకా దిగితే పదమూడో వంతు.

ఇప్పుడు ఫోనును ఇదే వరసలో పెట్టాలి, చాలామంది వదిలేసేది ఇక్కడే. మంచి ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ 1/1.3 అంగుళాల దాకా వచ్చేసింది, వైశాల్యం 70 పైచిలుకు. అంటే చవక జూమ్ కాంపాక్ట్‌కు రెండున్నర రెట్లు, ఒక అంగుళం కాంపాక్ట్‌లో దాదాపు మూడింట రెండు వంతులు. పైగా ఫోను ఒక్క నొక్కుకు పది ఫొటోలు తీసి కలిపేస్తుంది, చీకటి, వెలుగుల తేడాను సర్దేస్తుంది. కాబట్టి మంచి ఫోను ఉన్నవాళ్లు 1/2.3 సెన్సర్ జూమ్ కెమెరా కొంటే, దూరంలో ఉన్న ఓడను దగ్గరికి లాగడం తప్ప మిగతా అన్నింట్లోనూ ఫోను కన్నా వెనకబడిన వస్తువుకు డబ్బు పెట్టినట్టే. ఒక అంగుళం దగ్గర కూడా, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఫొటో నిలకడగా ఉన్న దృశ్యానిదైతే, ఫోనుకూ దానికీ పెద్ద తేడా తెలియదు. తేడా తెలిసేది జూమ్ చేసినప్పుడు, మనిషి కదులుతున్నప్పుడు, రా ఫైలు (కెమెరా సర్దకుండా ఇచ్చే ముడి ఫొటో) ఇంటికి తెచ్చుకుని నీడల్ని లేపినప్పుడు.

ఎఫ్ నంబర్ల దగ్గరా ఇలాంటి తిరకాసే ఉంది. కాంపాక్ట్ మీద ఎఫ్/1.8 అని చూసి వెనకంతా కరిగిపోయిన పెళ్లి ఫొటో ఊహించుకుంటారు. వెలుతురు విషయంలో ఎఫ్/1.8 ఎఫ్/1.8యే, షట్టర్ స్పీడ్ అలాగే వస్తుంది. వెనక మసక విషయంలో మాత్రం ఒక అంగుళం సెన్సర్‌లో దాన్ని 2.7తో గుణించుకోవాలి, ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్/4.9 పెట్టినంత మసకే వస్తుంది. ఆర్ఎక్స్100 మార్క్ 7లో జూమ్ చివరన ఉండే ఎఫ్/4.5 ఈ లెక్కన ఎఫ్/12. కైలాసగిరి మీద పాపను నిలబెట్టి వెనక తీరమంతా కరిగించాలంటే డీఎస్ఎల్ఆర్, 85 లెన్స్ తీసుకెళ్లక తప్పదు. అందుకే దాన్ని ఉంచుకోవడం.

జూమా, ఒక్క లెన్సా

ఇక్కడ నుంచి దారి రెండుగా చీలుతుంది, చర్చ ఎక్కువ నడిచేదీ ఇక్కడే.

ఒక దారి ఒక అంగుళం సెన్సర్ జూమ్‌లది. ఇందులోనూ రెండు తరహాలున్నాయి. సోనీ ఆర్ఎక్స్100లో మార్క్ 3 నుంచి మార్క్ 5 దాకా ఉన్నవి 24-70, ఎఫ్/1.8-2.8. కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 2, మార్క్ 3 అదే వెలుతురుతో 24-100 దాకా వెళ్తాయి. మార్క్ 6, మార్క్ 7 సోనీలు 24-200 దాకా లాగుతాయి గానీ ఎఫ్/2.8-4.5కు పడిపోతాయి. పగలంతా బయట తిరిగే మనిషికి 200 చాలా పనికొస్తుంది, అరకు రైలు కిటికీలోంచి లోయకు అవతల ఉన్న ఊరు దొరుకుతుంది. బొర్రా గుహల్లోకి దిగాక మాత్రం ఆ ఒకటింబావు స్టాపులు ఎక్కడికి పోయాయా అనిపిస్తుంది. ఫోను పక్కన పెట్టి చూస్తే పొడవు జూమే గట్టి వాదన, ఎందుకంటే ఫోను బలహీనపడేది సరిగ్గా ఆ దూరాల దగ్గరే.

రెండో దారి పెద్ద సెన్సర్, ఒక్క లెన్స్. రికో జీఆర్ 3లో ఏపీఎస్-సీ సెన్సర్, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 28కి సమానమైన ఎఫ్/2.8 లెన్స్. 2021లో వచ్చిన జీఆర్ 3ఎక్స్ అదే కెమెరా, 40తో. ఇవి ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్‌తో సమానమైన ఫొటో ఇస్తాయి, మందం 33-35 మిల్లీమీటర్లే కాబట్టి చొక్కా జేబులో కాకపోయినా ప్యాంటు జేబులో దూరతాయి. జూమ్ లేకపోవడం లోటే, కానీ వీటికో పద్ధతి ఉంది: దూరాన్ని ముందే ఖాయం చేసి పెట్టుకోవడం. ఎఫ్/8 పెట్టి ఫోకస్ 2.5 మీటర్లకు కట్టేస్తే, లెక్క ప్రకారం మీటరుంబావు నుంచి అనంతం దాకా అంతా పదునుగానే వస్తుంది. ఇక ఫోకస్ వెతుక్కునే పని లేదు, నొక్కడమే. పూర్ణా మార్కెట్ సందుల్లో ఎదురుగా తోపుడుబండి వచ్చి తప్పుకునే రెండు సెకన్లలో తీసేయడానికి డీఎస్ఎల్ఆర్ కన్నా ఇదే చురుకు. ఆన్ చేయగానే 0.8 సెకన్లలో సిద్ధమవుతుంది కూడా.

ఫుజి ఎక్స్100 సిక్స్ కూడా ఇదే కోవలోది, 35కి సమానమైన ఎఫ్/2, 40 మెగాపిక్సెళ్లు, ఊపును సర్దే ఏర్పాటు. మంచి కెమెరా, సందేహం లేదు. కానీ 521 గ్రాములు, 55 మిల్లీమీటర్ల మందం. చిన్న డీఎస్ఎల్ఆర్ బాడీ కన్నా బరువెక్కువ, ఏ జేబులోనూ పట్టదు. 'డీఎస్ఎల్ఆర్ బదులు' అనుకునేవాళ్లకు సరిపోతుంది, 'డీఎస్ఎల్ఆర్‌కు తోడు' అనుకునేవాళ్లకు ఇంకో బ్యాగు అవుతుంది.

పెళ్లిళ్లు తీసేవాళ్లకు వీటిలో ఒక అదనపు లాభం ఉంది, అది షట్టర్. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం కొట్టుకునే చప్పుడు మండపంలో జీలకర్ర బెల్లం వేళ వెనక వరసదాకా వినబడుతుంది. ఈ కాంపాక్ట్‌ల షట్టర్ లెన్స్ లోపలే పూరేకుల్లా తెరుచుకుని మూసుకుంటుంది, చప్పుడు దాదాపు ఉండదు. దాని వల్లే ఇంకోటి: డీఎస్ఎల్ఆర్‌లో మామూలుగా ఫ్లాషు 1/200, 1/250 సెకను దాటితే కుదరదు, ఎక్స్100లో వెయ్యో వంతు సెకను దగ్గరా కుదురుతుంది. భీమిలి తీరంలో మిట్టమధ్యాహ్నం ప్రీవెడ్డింగ్ షూట్‌లో ముఖాల మీద నీడ తీయడానికి చిన్న ఫ్లాషుతోనే పని జరిగిపోతుంది.

ఇసుక, ఉప్పు, తేమ

రివ్యూల్లో ఎక్కడో చివర్న రెండు వాక్యాల్లో వచ్చే ఈ విషయం విశాఖలో మొదటికి రావాలి.

ముడుచుకునే లెన్స్ అంటే ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు. ఆన్ చేసిన ప్రతిసారీ బయటికొస్తాయి, ఆపితే లోపలికి పోతాయి. బయటికొచ్చేటప్పుడు లోపలి ఖాళీ పెరుగుతుంది కాబట్టి గాలిని పీల్చుకుంటాయి, గాలితో పాటు దుమ్మునూ తీసుకుంటాయి. బీచ్‌లో సాయంత్రం గాలికి లేచే సన్న ఇసుక రేణువు ఒక్కటి గొట్టాల మధ్య ఇరుక్కున్నా చాలు, కరకరమని శబ్దం, ఆ తర్వాత తెర మీద లెన్స్ ఎర్రర్. వారంటీ ఉన్నా ఇసుక పడిన కేసును సర్వీసు సెంటర్లు అందులోకి తీసుకోవడం అరుదు. సెన్సర్ మీద దుమ్ము పడితే ఇంకో తలనొప్పి. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ తీసి బ్లోయర్‌తో ఊదేయొచ్చు, కాంపాక్ట్‌లో లెన్స్ ఊడిరాదు, మొత్తం విప్పాల్సిందే. జీఆర్ 3 మీద వాడకందార్ల ప్రధాన ఫిర్యాదు ఇదే. వాన, దుమ్ము ఆపే సీలింగ్ దానికి లేదు. ఎక్స్100 సిక్స్‌కు లెన్స్ ముందు అడాప్టర్ రింగు, ఫిల్టర్ బిగిస్తేనే ఆ రక్షణ పూర్తవుతుంది, అవి విడిగా కొనుక్కోవాలి.

కాబట్టి వాడకంలో సగం బీచ్ మీదే అయ్యేవాళ్లకు, ముఖ్యంగా రుషికొండలో పిల్లల్ని నీళ్లలో దించి తీయాలనుకునేవాళ్లకు, ఓఎం సిస్టమ్ టీజీ-7 లాంటి నీళ్లలో మునిగే కెమెరాను కొట్టిపారేయడానికి లేదు. దాని సెన్సర్ 1/2.33 అంగుళాలే, పైన చెప్పిన లెక్కన ఫోను కన్నా చిన్నది. కానీ లెన్స్ బయటికి రాదు, జూమ్ అంతా లోపలే జరుగుతుంది, 15 మీటర్ల లోతు వరకూ పనిచేస్తుంది, ఇంటికొచ్చి కుళాయి కింద పెట్టి కడిగేయొచ్చు. ఫొటో నాణ్యత తక్కువే, అయితే మిగతా కెమెరాలు బ్యాగులోంచి బయటికే రాని చోట తీసిన ఫొటో కదా.

తేమ గొడవ నెమ్మదిగా వస్తుంది. గాలిలో తేమ 60-65 శాతం పైన రోజుల తరబడి ఉంటే లెన్స్ గాజు మీద ఫంగస్ పాకడం మొదలవుతుంది, విశాఖలో ఏడాదిలో ఎక్కువ భాగం ఉండేది ఆ పైనే. వాడకుండా తోలు పౌచ్‌లో పెట్టిన కెమెరాకు ముందు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, చవకైన తేమ మీటరు ఒకటి ఉంటే చాలు, 40-50 శాతం మధ్య ఉంచుకుంటే సరి. రంగు మారిన గింజల్ని సన్నని సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ కారులోంచి దిగి బీచ్ గాలిలోకి వెళ్లగానే లెన్స్ మసకబారేదీ ఈ తేమ వల్లే. దిగే ముందు పది నిమిషాలు జిప్ కవర్లో పెట్టి కెమెరాను బయటి వేడికి రానిస్తే నీరు కవర్ మీద పడుతుంది, గాజు మీద కాదు.

ఎండలో తెర, సాయంత్రానికి బ్యాటరీ

జీ7 ఎక్స్ మార్క్ 3కి, జీఆర్ 3కి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. షాపులో అది లోటుగా అనిపించదు. ఉదయం తొమ్మిది దాటాక బీచ్ రోడ్డులో, సముద్రం మీంచి ఎండ ముఖాన కొడుతుంటే తెర మీద మన ముఖమే కనబడుతుంది. డీఎస్ఎల్ఆర్‌కు అలవాటుపడిన చేతికి ఇది మరీ ఇబ్బంది, ఎందుకంటే ఆ కెమెరా నుదుటికి ఆనించి పట్టుకుంటాం, ఇది చేతులు చాపి. ఆర్ఎక్స్100 మార్క్ 3 నుంచి పైన ఉన్నవాటిలో చిన్న వ్యూఫైండర్ పైకి లేస్తుంది. అంతమాత్రానికే సోనీ వైపు మొగ్గేవాళ్లున్నారు, ఆ మొగ్గు సబబే.

బ్యాటరీ విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. సీపా కొలత ప్రకారం డీ850 ఒక చార్జింగ్‌తో 1840 ఫొటోలు తీస్తుంది, ఎందుకంటే అద్దంలోంచి చూడడానికి కరెంటు అక్కర్లేదు. ఆర్ఎక్స్100 మార్క్ 7 తీసేది 260, జీఆర్ 3 తీసేది 200. ఊరట ఏమిటంటే ఇవి కేబుల్‌తో పవర్ బ్యాంకు నుంచి ఎక్కుతాయి, ఆ డీఎస్ఎల్ఆర్‌కు ఆ వీలు లేదు. రెండో బ్యాటరీని కెమెరా ధరలోనే కలిపి లెక్కేసుకోవాలి.

పెద్దదానితో పొత్తు

ఒకే రోజు రెండు కెమెరాలతో తీసిన ఫొటోలు ఒకే ఆల్బంలోకి వెళ్లినప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది: చీర రంగు ఒక ఫొటోలో ఒకలా, పక్క ఫొటోలో ఇంకోలా. కెనాన్ వాళ్లకు ఇక్కడ కొంచెం సుఖం, అదే కంపెనీ కాంపాక్ట్ కొంటే మెనూలూ రంగుల తీరూ పరిచయమైనవే. నైకాన్ వాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. 2016 ఫిబ్రవరిలో డీఎల్ పేరుతో మూడు ఒక అంగుళం కాంపాక్ట్‌లను నైకాన్ ప్రకటించింది, ఏడాది తిరగకముందే వాయిదాలు పడి, 2017 ఫిబ్రవరిలో అమ్మకానికి రాకుండానే రద్దయ్యాయి. అందువల్ల నైకాన్ కిట్ ఉన్నవాళ్లు బయటి కంపెనీకి వెళ్లక తప్పదు. వెళ్తే రెండింట్లోనూ రా తీసి ఇంట్లో సర్దుకోవడమే మార్గం. రికో రా ఫైళ్లు డీఎన్‌జీ అనే, ఏ కంపెనీకైనా పనికొచ్చే రూపంలో వస్తాయి కాబట్టి పాత సాఫ్ట్‌వేర్‌లో కూడా తెరుచుకుంటాయి, కొత్త సోనీ, కెనాన్ ఫైళ్లకు సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది కావాల్సి రావచ్చు.

రెండు కెమెరాల గడియారాలూ ఒకే నిమిషానికి పెట్టుకోవడం మరిచిపోతే, ఫొటోలను టైము వరసలో పెట్టినప్పుడు తలంబ్రాల తర్వాత ఎదురుకోలు వస్తుంది.

అసలు కాంపాక్టే కావాలా

కొనేముందు తక్కువ ఖర్చుతో ఒక ప్రయోగం చేయొచ్చు. కెనాన్ ఏపీఎస్-సీ బాడీ ఉంటే 24 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 ఎస్‌టీఎం లెన్స్ 125 గ్రాములు, బిస్కెట్టులా ఉంటుంది. 1500డీకి అది తగిలిస్తే మొత్తం 600 గ్రాములు. నైకాన్ వాళ్లకు అంత పలచని లెన్స్ లేదు, 35 ఎఫ్/1.8 డీఎక్స్ 200 గ్రాములు. ఒక నెల ఆ ఒక్క లెన్స్‌తోనే తిరిగి చూస్తే రెండు విషయాలు తేలతాయి: ఒక్క లెన్స్‌తో బతకడం కుదురుతుందా, కెమెరా అప్పుడైనా ఇల్లు కదులుతోందా? కదిలితే డబ్బు మిగిలినట్టే. కదలకపోతే సమస్య నిజంగా సైజుదే, కాంపాక్ట్ కొనొచ్చు.

చిన్న మిర్రర్‌లెస్ మూడో దారి. కెనాన్ ఆర్100 బ్యాటరీతో 356 గ్రాములు, అడాప్టర్ వేస్తే పాత ఈఎఫ్ లెన్సులన్నీ నడుస్తాయి. నైకాన్ జడ్30, దాని 16-50 లెన్స్ కలిపి 540 గ్రాములు. ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో సొంత మోటారున్న పాత ఏఎఫ్-ఎస్ లెన్సులు ఫోకస్ చేస్తాయి గానీ, బాడీలోని మోటారు మీద ఆధారపడే ఏఎఫ్-డీ లెన్సులు చేయవు. ఈ దారిలో దిగినవాళ్లకు ఒక లెన్స్ తర్వాత ఇంకో లెన్స్ చేరడం మామూలే, మూడేళ్లలో రెండో బ్యాగు కూడా నిండుతుంది. ఎప్పటికైనా మిర్రర్‌లెస్‌కు మారిపోదామనుకునేవాళ్లకు అది మొదటి మెట్టు, లేనివాళ్లకు తిప్పలు.

కౌంటర్ దగ్గర

డిజిటల్ కెమెరాల మీద 2019 జనవరి నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తదాని ధర దానితో కలిపే ఉంటుంది. ఎక్కడైనా ధర అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటే అది బిల్లు లేకుండా బయటినుంచి వచ్చిన సరుకు అయ్యుండొచ్చు, అలాంటి గ్రే మార్కెట్ కెమెరాకు ఇక్కడి కంపెనీ వారంటీ వర్తించదు. సొంతంగా విప్పి శుభ్రం చేసుకోలేని వస్తువు కాబట్టి కాంపాక్ట్‌కు వారంటీ, డీఎస్ఎల్ఆర్ కన్నా ఎక్కువ అవసరం.

పాతది కొనేవాళ్లు, ఈ ఊళ్లో వాడిన కెమెరా అయితే మరీ, ఐదు నిమిషాలు ఆగి చూసుకోవాలి. పదిసార్లు ఆన్, ఆఫ్ చేయాలి, జూమ్ చివరిదాకా తీసుకెళ్లి వెనక్కి తేవాలి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. మోటారు శబ్దం ఒకే తీరుగా ఉండాలి, మధ్యలో తడబడితే లోపల ఇసుక ఉందనే. లెన్స్‌లోకి ఫోను టార్చి పక్కనుంచి కొట్టి చూస్తే ఫంగస్ సాలెగూడు దారాల్లా మెరుస్తుంది. చివరగా లెన్స్ రంధ్రాన్ని వీలైనంత చిన్నది చేసి, అంటే ఎఫ్/11 లేదా ఎఫ్/16 దగ్గర, షాపు తెల్లగోడను ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీసి తెర మీద పెద్దది చేయాలి. ఎక్కడైనా బూడిదరంగు మచ్చ ఉండి, ఇంకో ఫొటోలోనూ అదే చోట కనబడితే అది గోడది కాదు, సెన్సర్ మీది దుమ్ము. విప్పి తుడిపించడానికి ఎంత అవుతుందో కనుక్కుని, ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించమనండి.